ఓనరు సంతకం

"పద్నాలుగు నెలలకు వచ్చినావు. అది కూడా సంతకానికి!"

రేవతి తల ఎత్తలేదు. శ్రీకాళహస్తిలో తండ్రి మునిరత్నం ఇంటి వరండాలో కలంకారీ గుడ్డ పరుచుకుని నల్ల గీతలు దిద్దుతోంది. ఆమె భర్త కోదండం చెప్పులు విప్పాలో వద్దో తెలియక మెట్టు మీదే నిలబడ్డాడు. తెల్లవారకముందే స్కూలు పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని శ్రీహరికోటకు రాకెట్ చూపించడానికి తీసుకెళ్లాడు. వాళ్లను దింపి నేరుగా ఇటే వచ్చాడు. అంతకుముందు రోజంతా చెన్నై ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. కళ్లు మండుతున్నాయి, నడుము విరిగిపోతోంది.

"రేపు పొద్దన్నే నగిరి వాళ్లు పదకొండు మందిని నేపాల్ తీసకపోవాల మే. ముక్తినాథ్ యాత్ర. బార్డర్ దాటాలంటే ఓనరన్నా బండిలో ఉండాలంట, ల్యాకుంటే ఓనరు ఒప్పుకున్నట్టు కాయితమన్నా ఉండాలంట. దాంతోపాటు ఓనరు ఓటరు కార్డు కూడా సూపించాలంట."

"నువ్వే గదా ఓనరు? ఊరంతా నా బండి, నా బండి అని చెప్పుకుంటావే!"

కాగితాల ప్రకారం ఆ వ్యాను రేవతిది. ఇనుము నీకు అచ్చిరాదు, ఇంటావిడ పేరు మీద కొనమని చిత్తూరులో జోస్యుడు చెబితే కోదండం అలాగే కొన్నాడు. పేరు ఆమెకిచ్చి, తాళం మాత్రం తన జేబులో పెట్టుకున్నాడు. మన మగవాళ్లు ఆడవాళ్లకు రాసిచ్చే ఆస్తులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

"ఈ ట్రిప్పు పోతే ట్రావెల్స్ ఏజెంటు మళ్లీ నన్ను పిలవడు. బండి ఇంటి ముందర పెట్టుకుని కూసోవాల్సిందే."

"నేను ఇల్లు ఇడిసి వచ్చిన దినం ఫోన్ చేస్తే ఏమన్నావు? ట్రిప్పులో ఉండా, తర్వాత మాట్లాడతా అన్నావు. ఆ తర్వాత అనేది ఈ పొద్దు వచ్చినట్టుండాది."

మామూలుగా అయితే ఈపాటికి కోదండం గొంతు పెంచేవాడే. ఈరోజు ఆ ఓపిక కూడా లేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"నాదే తప్పు. అంతా నాదే తప్పు. అలిసిపోయినా మే."

రేవతి కలం పక్కన పెట్టి అప్పుడు చూసింది అతన్ని. గడ్డం మాసి, చొక్కా చెమటకు అట్టకట్టి ఉంది.

"ఎప్పుడు తిన్నావు?"

"సూళ్లూరుపేటలో టీ, బన్ను."

ఆమె మరేమీ అడగకుండా లోపలికి వెళ్లి సంగటి ముద్ద, చెనిక్కాయలు నూరి చేసిన ఊరుబిండి, చెంబుడు మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. అతను ఆవురావురుమంటూ తిన్నాడు.

"బీపీ మాత్రలు ఏసుకుంటా ఉండావా?"

"మర్సిపోతా ఉండా."

"కొండదోవలో బండి తోలేవాడివి, మర్సిపోతే ఎట్లా? ఎనకాల పదకొండు పానాలు ఉంటాయి."

కోదండం చెంబులో మిగిలిన మజ్జిగ తాగేశాడు. ఈ మాట అడిగేవాళ్లు లేకే కదా ఇన్నాళ్లూ ఇల్లు ఇల్లులా లేనిది.

రేవతి చేతికంటిన నల్లరంగు తుడుచుకుంది. "యాడ పెట్టాల?" అంది.

ఏజెంటు అచ్చు వేయించి ఇచ్చిన కాగితం అతను చాపాడు. ఆమె పైనుంచి కిందిదాకా చదివి సంతకం చేసింది. లోపలి నుంచి ఓటరు కార్డు తెచ్చి కాగితంతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది.

"కొత్త కార్డు. పోగొట్టబాక."

కోదండం కవరును అలాగే జేబులో పెట్టుకున్నాడు. దగ్గరి చూపుకు పెట్టుకునే కళ్లద్దాలు వ్యానులోనే ఉండిపోయాయి. చదవడానికి అందులో ఏముందిలే అనుకున్నాడు.

"తిరిగొచ్చినాక ట్రిప్పులు తగ్గించుకుంటా మే, ఒట్టు. నేరుగా ఈడికే వచ్చి నిన్ను పిల్సకపోతా."

రేవతి పళ్లెం తీస్తూ, "ముందు సల్లంగా పోయిరా మామా," అంది.

పద్నాలుగు నెలల తర్వాత విన్న ఆ పిలుపుకు కోదండం ఒళ్లంతా తేలికైపోయింది. రానని అనలేదు కదా! బస్టాండు దాకా వ్యాను నడుపుతూ ఇంటికి సున్నం వేయించాలనుకున్నాడు, కారుతున్న వంటింటి కప్పు బాగు చేయించాలనుకున్నాడు. ఈ ట్రిప్పు చాలు, ఇక దూరం పోయేది లేదని గట్టిగా అనుకున్నాడు. సంతకం కోసం వచ్చినవాడికి ఇప్పుడు సంతకం సంగతే గుర్తు లేదు.

బస్టాండు ఎదురుగా జోయల్ జిరాక్సు షాపు. బండి ఆర్‌సీ, కాగితం, కార్డు మూడూ అతని ముందు పెట్టాడు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఏజెంటుకు పంపాలి.

"ఓనరు నీకు ఏమవుతాదన్నా?" జోయల్ టైపు చేస్తూ అడిగాడు.

"నా పెండ్లాం అబ్బా!" అన్నాడు కోదండం. ఆ మాట అనడం ఎంత బాగుందో అతనికే ఆశ్చర్యమేసింది.

జోయల్ ఆర్‌సీ చూశాడు, కార్డు చూశాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాడు.

"అన్నా, ఆర్‌సీలో కోదండం భార్య రేవతి అని ఉండాది. ఈ కార్డు పోయిన నెల ఇచ్చింది, దీంట్లో మునిరత్నం కూతురు రేవతి అని ఉండాది. పేరు ఒకటే గదా అని ఇంకెవురిదో ఎత్తకొచ్చినట్టుండావు, పోయి మీ ఆమె కార్డు తీసకరా."