ఒక్క మెషీన్ భారం

“సర్వరమ్మా, ఫైలు తెరుచుకోవట్లేదు! చక్రం తిరుగుతూనే ఉంది. కొంప మునిగేలా ఉంది తల్లీ!” ఫోన్లో ఎడిటర్ గోల.

“చూస్తున్నానయ్యా, పెట్టెయ్,” అంది ఆమె.

ఆ న్యూస్ ఛానెల్లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కెమెరామెన్ తెచ్చిన ప్రతి ముక్కా చేరేది ఆమె చూసుకునే సర్వర్లోకే. ఎడిటర్లైనా, పైనున్న కంట్రోల్ రూమైనా నెట్‌వర్క్ మీద అందులోంచే తోడుకోవాలి. ఊరి నడుమ షాపింగ్ భవనం మధ్యాహ్నం నుంచి తగలబడుతోంది. సాయంత్రం బులెటిన్ మొత్తం అదే. బులెటిన్ ముంచుకొచ్చేసింది.

నల్లటి తెర మీద కమాండ్ కొట్టింది. అంకెలు బారులు బారులుగా కిందికి జారాయి. రెప్ప వేసేలోపు రావలసిన జవాబుకు సర్వర్ ఆపసోపాలు పడుతోంది. డిస్కులకు ఊపిరి సలపడం లేదు. నాడి దొరికింది గానీ రోగం దొరకలేదు. మళ్ళీ కొట్టింది. అంకెలు ఇంకాస్త పెరిగాయి. చెయ్యగలిగిందల్లా గుడ్లప్పగించి చూడటమే.

తలుపు తోసుకుని న్యూస్ చీఫ్ వచ్చాడు. బులెటిన్ పని మొదలైనప్పుడే, ఎప్పటిలాగే, ఫోన్ ఆపేసి జేబులో పడేసుకున్నాడు.

“ఏమైంది?”

“కొత్తగా ఎక్కించేవాళ్ళు లేరు సార్, అంతా తోడుకోవడమే. ఎవరో విపరీతంగా లాగేస్తున్నారు.”

“ఎవరో అంటే? ఆ పేరే కదా నాకు కావాల్సింది!”

ఏ మెషీన్ ఎంత లాగుతోందో చెప్పే కమాండ్ కొట్టింది. పై వరసలో ఒక్కటే మెషీన్. మిగతావన్నీ కలిపినా దాని కాలిగోటికి చాలవు.

“ఆర్కైవ్ గది సార్. మంటల దగ్గర మన కెమెరాలన్నీ తీసిన ముడి ఫుటేజీ తెరుస్తున్నారు. ఒకటి అవకుండానే ఇంకోటి. ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు.”

“టేపుల బాబాయా?” చీఫ్ నెత్తి కొట్టుకున్నాడు. టేపులు పోయి ఎన్నాళ్ళయినా, పాత ఫుటేజీ భద్రపరిచే ఆ పెద్దాయనకు ఆ పేరు పోలేదు. “ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. సర్దుకోవడాలూ అవీ రేపు చేసుకోమను!”

ఆమె ఫోన్ చేసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. గోడకు చెప్పుకున్నట్టే ఉంది.

“ఎత్తట్లేదు సార్. ఒక్క పరుగున కిందికెళ్ళి చెప్పొస్తాను.”

“నువ్వెళ్ళి, ఆయనకి వినిపించి, ఆయన కళ్ళజోడు సర్దుకుని... అప్పటిదాకా జనానికి నల్లతెర చూపించనా? ఆయన కనెక్షన్ కోసెయ్.”

“సార్, ఆయన అంత పట్టుగా చూస్తున్నారంటే ఏదో—”

“కొయ్యమన్నానా! బులెటిన్ అయ్యేదాకా మళ్ళీ కలపడానికి వీల్లేదు. కలిపావో, రేపట్నుంచి నీ కుర్చీ ఇక్కడ ఉండదు.”

ఆర్కైవ్ మెషీన్‌ను సర్వర్ దరిదాపులకు రానివ్వకుండా ఆపే లైను రాసింది. ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది. చీఫ్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. నొక్కింది.

అంకెలు పొంగు మీద నీళ్ళు చల్లినట్టు కిందికి దిగాయి.

“తెరుచుకుంది! నీ నోట్లో చక్కెర పొయ్య!” మళ్ళీ మోగిన ఫోన్లో ఎడిటర్ కేక. చీఫ్ అప్పటికే పైకి పరుగెత్తాడు.

ఆమెకు మాత్రం మనసు మనసులో లేదు. ఎంత చెడ్డా పెద్దాయన, తన దగ్గర ఏనాడూ మాట తూలినవాడు కాదు. చెప్పకుండా చెయ్యి నరికినట్టనిపించింది. మెట్లు దిగింది. వరండాలో గోడ మీది టీవీలో బులెటిన్ మొదలైంది. యాంకర్ గొంతు వెనక మంటలు, సైరన్లు.

ఆర్కైవ్ గదిలో బాబాయి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముక్కు తెరకు ఆనేలా వంగి కూర్చున్నాడు. తెర మీద బొమ్మ బిగుసుకుపోయి ఉంది. పొగ. మెట్ల మీద జనం. నడుమ ఒక ఫైర్‌మన్ వీపు. ఆ వీపు వెనకనుంచి బయటికి కనబడుతున్న ఆకుపచ్చ చొక్కా చెయ్యి.

భుజం మీద తడితే ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీశాడు.

“ఫోన్ ఎత్తరేం బాబాయ్? ఇది చెడిపోలేదు. నేనే ఆపాను. పైన ఏదీ తెరుచుకోక...”

“నువ్వా?” ఆయన ముఖంలో కోపం రాలేదు. ప్రాణం లేచొచ్చింది. “అయితే నీ చేతిలో పనే! ఒక్క క్షణం కలుపు అమ్మడూ. ఈ మనిషి కాస్త పక్కకి జరిగితే చాలు, మొహం కనబడిపోతుంది.”

“ఇప్పుడు కలిపితే పైన బులెటిన్ ఆగిపోతుంది. ఆగితే చీఫ్ నన్ను బతకనివ్వరు. అయ్యేదాకా ఓపిక పట్టండి.”

“ఇందులో లేకపోతే ఇంక వెతకడానికి ఫుటేజీ లేదమ్మా. అన్నీ చూసేశాను.”

ఆమె తెర మీదికి వంగింది. “ఎవరు బాబాయ్? మీ మనవరాలా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలు ఆ ఆకుపచ్చ చెయ్యి మీద పెట్టాడు.

“మన చీఫ్ కూతురు. పిల్ల ఆకుపచ్చ చొక్కాతో ఆ భవనంలోకే వెళ్ళిందట, ఆయన ఫోన్ ఆగి ఉందని వాళ్ళమ్మ నాకు చేసింది. తన కాళ్ళ మీద తను నడిచొస్తున్నట్టు ఒక్కసారి కళ్ళారా చూసి, అప్పుడు ఆయనకి చెబుదామని...”