గ్లౌజు లోపలి నెత్తురు

నెత్తురు చుక్కలు గ్లౌజు మీద నిలవడం లేదు. పూసల్లా దొర్లి ట్రేలో పడుతున్నాయి.

మేడ్చల్‌లో చిన్న నర్సింగ్‌హోమ్ అది. దూలపల్లి షెడ్డులో ఇనుపరేకు తగిలి గంగమ్మ ముంజేయి చీరుకుపోయింది. నర్సు ఝాన్సీ గాయం అంచులను దగ్గరకు పట్టుకుంటే, డాక్టర్ హరిచందన కుట్లు వేస్తోంది. ఎప్పుడూ గ్లౌజులు జత మీద జత తొడుక్కునే ఝాన్సీకి ఆ రోజు ఒక్క జతే దొరికింది.

చూపుడువేలి దగ్గర ఒక ఎర్రమరక మాత్రం జారడం లేదు. ఝాన్సీ దూదితో తుడిచింది. పోలేదు. అది రబ్బరు లోపల ఉంది. చర్మాన్ని పట్టుకుని, గోరు చుట్టూ మెల్లగా పరుచుకుంటోంది.

"ఆపండి మేడమ్! సూది తీసేయండి!"

అప్పటికే అదే సూదితో ఇంకో కుట్టు పడింది.

"గుచ్చుకుందా? ముందు నీ వేలు కడుక్కో!" అంది హరిచందన.

ఝాన్సీ వినలేదు. ఆ కుట్టు విప్పించింది. ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో గంగమ్మ గాయాన్ని సబ్బునీళ్ళతో కడుగుతూనే ఉంది.

"ఈమెకు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించాలి మేడమ్. ఇవాళ ఒకసారి, మూడు నెలలకు మళ్ళీ."

"నీ భయం నాకర్థమైంది. చేయిద్దాంలే."

గంగమ్మ బెదిరిపోయింది. "ఏందమ్మా, నా నెత్తురు మంచిది గాదా? నాతోని నీకేమన్నయితదా బిడ్డా?"

"ఏం కాదమ్మా..." ఝాన్సీ మళ్ళీ సబ్బు అందుకుంది.

మొదటి పరీక్షలో ఏమీ లేదని తేలింది. అయినా ఝాన్సీ మళ్ళీ కుట్లగదిలో అడుగుపెట్టలేదు. బతిమాలి మందుల కౌంటర్‌కు మారిపోయింది.

"ఇంత పిరికిదానివి నర్సువెలా అయ్యావు?" అని హరిచందన విసుక్కుంది.

ఝాన్సీకి తిండి సయించేది కాదు. చర్చిలో మోకాళ్ళూని కూర్చుంటే నోటికి గంగమ్మ పేరే వచ్చేది.

గడువు రాగానే ఝాన్సీయే దూలపల్లి వెళ్ళింది. "ఇంకా ఫికరేనా బిడ్డా?" అంటూనే గంగమ్మ ఆమె వెంట బస్సెక్కింది.

సాయంత్రం హరిచందన నవ్వుతూ కౌంటర్ దగ్గరకొచ్చింది.

"గంగమ్మకు ఏమీ లేదు. ఇక నీకూ భయం లేదు."

ఝాన్సీ బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిచ్చిపిల్లా, నీకేం కాలేదుగా!"

తనకు ఆ జబ్బు ఉందని ఝాన్సీకి తెలిసి అప్పటికి ఏడాది దాటింది.