చల్లని గది

"కొత్త ఇళ్ల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేయండి మేడమ్, ఈ ఎండలో మీకెందుకు శ్రమ?" అన్నాడు కాంట్రాక్టరు.

ఇళ్ల తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు పై అంతస్తు గదిలో థర్మామీటరు తగిలించింది. ఆరేళ్ల క్రితం అతను పేదలకు కట్టిన ఇళ్లలో, ఇలాంటి పై గదిలోనే ఆమె తల్లి వడదెబ్బకు పోయింది. అతనికా సంగతి తెలియదు. ఒక్క తప్పు దొరికితే అతన్ని మళ్లీ ఇటుక పెట్టనివ్వకూడదనుకుంది.

మిట్టమధ్యాహ్నమైనా గది చల్లగా ఉంది. ఆమెకు ఉసూరుమనిపించింది.

"కప్పు మీద ఏం వేశారు?"

"థర్మోకోల్ షీట్లు, వాటిపైన తెల్ల టైల్స్. ఫ్యాను కూడా అక్కర్లేదు, కరెంటు మిగులు."

"పాత ఇళ్లకెందుకు వేయలేదు? అప్పుడు తెలియదా?"

"తెలియకేం మేడమ్," నవ్వాడు. "అప్పుడు అడిగేవాళ్లు లేరు."

ఇన్నాళ్లూ అతన్ని చేతకానివాడనుకుంది. తెలిసే చేశాడు.

ఈ ఇళ్లు ఆపి, వీటిలోకి రాబోయేవాళ్ల ఉసురు పోసుకోవడం తనకెందుకని సంతకం పెట్టింది. కాగితం మాత్రం చేతికివ్వలేదు.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను. పదండి, ఆ పాత ఇళ్లకే. పై గదిలో ఫ్యాను లేకుండా కూర్చుని, ఆ కప్పులన్నీ ఎప్పటికి బాగుచేస్తారో అక్కడే రాసిద్దురుగాని."

అతని నవ్వు ఆగిపోయింది. "ఏ గదిలో మేడమ్?"

ఆమె తన తల్లి పేరు చెప్పింది.