మందు వాసన

"ఏ ఊరయ్యా నీది?"

కాలవగట్టు మీద కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"ఏటికి అవతలి ఒడ్డండి."

"అవతలి ఒడ్డున చేలు లేవా? మా చేలు చూస్తూ కూర్చున్నావేం?"

"ఆయ్, ఊరికేనండి."

గంగరాజుకి ఒళ్ళు మండింది. ఊరికే ఎవడూ ఎండలో కూర్చోడు. వరికి దోమ పురుగు పడ్డప్పటినుంచీ ఈ మనిషి ఇంతే. సైకిలు గట్టున పడేసి, ఒకరి చేను తర్వాత ఒకరి చేను చూస్తూ కూర్చుంటాడు. పక్కన ఓ గుడ్డసంచి. అసలే మద్యం బందు చేసిన రోజులు. దొంగసారా ఎవరి సంచిలో ఏ ఊరు చేరుతోందో ఎవరికీ తెలియదు.

"ఆ సంచిలో ఏంటి?"

"సబ్బండి."

"సబ్బా?"

"సబ్బూ, ఓ పంచె."

"ఓహో! నీ స్నానానికి మా కాలవే దొరికిందా?"

ఆ మనిషి తల వంచుకున్నాడు. మెల్లిగా అడిగాడు.

"మీ అబ్బాయి మందు కొడతాడా అండి?"

అదీ సంగతి! బేరానికే వచ్చాడు.

"మావాడు మానేసి ఏడాదయింది. మళ్ళీ వాడి చుట్టూ తిరిగావంటే కాళ్ళు విరగ్గొడతాను. పో!"

ఆ మనిషి సైకిలు తీసుకుని పోయాడు. పోయినట్టే పోయి, వంతెన దగ్గర ఆగిపోయాడు.

మర్నాడు గంగరాజు అన్నానికి కూర్చోబోతుంటే వీధిలో సైకిలు పడ్డ చప్పుడయింది.

అదే మనిషి. అతని భుజం మీద వాలిపోయి కొడుకు గణేష్‌బాబు! ఒళ్ళంతా తడి. నడుముకి ఎవరిదో పంచె. నోటివెంట సొంగ. కాళ్ళు తేలిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"మందు కొట్టి చేలో పడిపోయాడండి! బండేదైనా..."

మాట పూర్తికాకుండానే చెంప ఛెళ్ళుమంది.

"పోయించిందీ నువ్వే, మోసుకొచ్చిందీ నువ్వేనా!"

ఆ మనిషి చెంప తడుముకోలేదు.

గంగరాజు కొడుకువైపు అసహ్యంగా చూశాడు.

"వాణ్ణా అరుగు మీద పడెయ్. దిగాక వాడే లేస్తాడు."

దెబ్బకి చలించనివాడు ఆ మాటకి వణికిపోయాడు. వంగి గంగరాజు కాళ్ళు పట్టేసుకున్నాడు.

"ఆ మాట అనకండి బాబూ! మీకు దణ్ణం పెడతాను. తాగే మందు కాదండి, చేలో కొట్టే మందు!"

"చేలోకి కూలికి వెంకన్నని పంపాను. మావాడెందుకు కొడతాడు?"

లోపల్నుంచి శ్యామలాంబ పరిగెత్తుకొచ్చింది. కొడుకు మీదకి వంగి, జుట్టు వాసన చూసింది.

"ఏవండీ, దోమమందే! వెంకన్న జొరమని కబురంపాడు. వీడే మందు డబ్బా వీపుకి తగిలించుకుని వెళ్ళినట్టున్నాడు!"

గంగరాజు గుండె జారిపోయింది. అనుమానం మాత్రం జారలేదు.

పక్కింటి చంద్రరావు జీపు తీశాడు. కొడుకుని ఎక్కిస్తూ గంగరాజు వెనక్కి తిరిగి అరిచాడు.

"చేలో వాడి పక్కనున్నది ఈడొక్కడే! ఈడే మావాడికి మందు పెట్టాడు! నేనొచ్చేదాకా కదలనివ్వకండి."

ఊళ్ళోవాళ్ళు ఆ మనిషిని పశువులపాక గుంజకి కట్టేశారు. సైకిలు టైర్లు కోసేశారు.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగిందెవరండి?"

గంగరాజు కొడుకు నడుముకున్న పంచె వైపు చూశాడు.

"ఎవరైతేనేం, మీవాడికి ఊపిరి పోశారు. దిగుతుందిలే అని ఇంట్లో పడుకోబెట్టుంటే, ఇంక తీసుకొచ్చే పనుండేది కాదు."

గణేష్‌బాబు కళ్ళు తెరిచి, "ఆయనే నాన్నా, కాలవలో కడిగారు" అన్నాక గంగరాజు అక్కడ ఉండలేకపోయాడు. మొదటి బస్సుకే ఊరొచ్చి పడ్డాడు.

గుంజకి తాడొక్కటే వేలాడుతోంది.

"వదిలేశామండి," అన్నాడు చంద్రరావు. "ఒకటే మాట అడిగాడటండి, అబ్బాయి లేచాడా, లేచాడా అని. నేను జీపులో ముందొచ్చి, గండం గడిచిందన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడండి. నడిచే వెళ్ళిపోయాడు."

సైకిలు మిగిలింది. చైను రేకు మీద తెల్లరంగుతో పేరూ ఊరూ రాసున్నాయి. గంగరాజు కొత్త టైర్లు వేయించి, పడవ మీద ఏరు దాటించాడు.

ఆ ఇంటి ముందు ఒకావిడ బియ్యం చెరుగుతోంది.

"రాజరత్నం గారున్నారా అండి?"

"లేరండి. దోమ పడ్డ రోజుల్లో ఆయన ఇంటిపట్టున ఉండరు. ఎవరి చేలో మందు కొడుతుంటే ఆ గట్టున కూర్చుంటారు. ఈసారి సైకిలు కూడా లేదు, నడిచే వెళ్ళారు."

"ఎందుకండీ అలాగ?"

ఆవిడ చేట కింద పెట్టింది. ఖాళీగా ఉన్న అరుగు వైపు చూసింది.

"పోయినేడు మా అబ్బాయి చేలోంచి తూలుకుంటూ వచ్చాడండి. తాగొచ్చాడనుకున్నాం. 'దిగాక వాడే లేస్తాడు' అని ఈ అరుగు మీద పడుకోబెట్టింది ఆయనేనండి."