తట్ట కింది గుడ్డ

"మళ్లీ కూకున్నావేటే అమ్మా?" చేపల తట్ట దించుకుని కల్వర్టు మీద కూలబడ్డ పోలమ్మని చూసి, తోపుడు బండి ఆపింది రాణి.

"కాళ్లు మొద్దుబారిపోనాయే. నడిస్తే నా కాళ్లే కావు, కూకుంటే ఏటీ నేదు. మాయదారి రోగం!"

"డాక్టరు సెప్పినాడు కదా. ఎన్నుపూసలో నరాల దారి ఇరుకైపోనాది. నిటారుగా నడిస్తే నరాలు నొక్కుకుంటాయి. ముందుకి వంగితే వదులవుతాయి."

"వంగితే నెత్తిమీద తట్ట నిలుస్తాదేటే? నొప్పొచ్చినప్పుడల్లా నడుం ఇంకా బిగించి నడిసినదాన్ని!"

"అందుకే ఎక్కువైనాది. తట్ట బండిలో ఎట్టి, నువ్వే తొయ్యి."

"నడుం సచ్చినోళ్లు తోస్తారది!" అంటూనే పోలమ్మ తట్టని బండిలో పడేసి, కోపమంతా పిడి మీద పెట్టి తోసింది. డాక్టర్ని తిట్టింది. మాత్రల్ని తిట్టింది. తట్టెత్తిన తొలిరోజున వీపు మీద చరిచి, నిటారుగా నడవడం నేర్పిన అత్తగారినీ వదల్లేదు.

"తిట్లు అయిపోనాయా? బజారొచ్చేసినాది," అంది రాణి.

పోలమ్మ తలెత్తింది. దారిలో ఎక్కడా కూర్చోలేదు! నమ్మకం కుదరక బండి వదిలి నిటారుగా నిలబడింది. కాసేపటికే పిక్కల్లోకి తిమ్మిరి దిగింది. మళ్లీ వంగి పిడి పట్టుకుంటే మెల్లగా సడలింది.



"పాడు పిడి, సేతులు కోసేస్తన్నాది," అని విసుక్కుంటూ పోలమ్మ, ఇన్నేళ్లూ తట్ట కింద పెట్టుకున్న గుడ్డచుట్టని నెత్తిమీంచి తీసి, విప్పి, బండి పిడికి చుట్టింది.