సభ్యురాలి సంతకం

"ఆ ప్రెసిడెంటు తిరుపాలు మా పొలాన్ని చెరువులో కలిపేసినాడు సార్! మమ్మల్ని అడిగేపని లేదా?" మండలాఫీసులో మాలకొండయ్య గొంతు చించుకున్నాడు.

క్లర్కు తీర్మానాల పుస్తకం తెరిచి అతని భార్య కృష్ణవేణమ్మ ముందుకు జరిపాడు. మండల పరిషత్తు మెంబరు ఆమే. గెలిచిన నాలుగేళ్లలో ఆమె ఈ గడప తొక్కడం ఇదే మొదలు. "ఆడోళ్లకు మీటింగులేంది" అంటూ ఆమె కుర్చీలో మాలకొండయ్యే కూర్చునేవాడు. అతను నాలుగో తరగతిలోనే బడి మానినవాడు. ఆమె పది పాసైంది.

ఆమె గడగడా చదివింది. "మంచినీళ్ల చెరువు కోసం సభ్యురాలు తన భూమిని ఇష్టపూర్వకంగా ఇచ్చుటకు అంగీకరించినారు."

కింద ఆమె పేరుతో సంతకం. అక్షరాల వంకర మాలకొండయ్యదే.

"టీ తాగుతా పెట్టినా. అందరూ పెడుతుంటే..." అతని గొంతు దిగిపోయింది.

"మీ సంతకమేనా అమ్మా? కాదంటే దొంగ సంతకం కేసు. పెట్టినోళ్లు జైలుకు పోతారు" అన్నాడు క్లర్కు.

ఆమె మొగుడి వంక చూసింది.

"నాదే సార్."

మెట్లు దిగుతూ మెల్లగా అడిగింది. "చదివేదానికి నేను లేనా? ఒక్కరోజన్నా తీసుకరాకపోతివే."

ఆమె నాయన పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరా ముప్పై సెంట్లు పోయింది.