గట్టి పిల్ల

నుదుటి మీద కుట్లు వేస్తున్నా నాలుగేళ్ల హరిచందన ఏడవలేదు.

“మీ పాప గట్టిదండి,” అంది నర్సు.

“వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదండి. చిన్నపిల్ల కదా, దానికేం తెలుస్తుంది?” అంది తల్లి వెంకటదుర్గ. భర్త పోయినప్పటి నుంచి ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి వెళుతోంది, వస్తోంది, పడుకుంటోంది. అంతే.

అంగన్‌వాడీలో పడిపోయిన పిల్లని ఆసుపత్రికి తీసుకొచ్చిన టీచరు రామతులసి, నర్సు వెళ్లాక మెల్లగా అడిగింది.

“నొప్పిగా లేదా అమ్మా?”

“ఉంది.”

“మరి ఏడవొచ్చుగా?”

పిల్ల తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఏడిస్తే అమ్మ గోడ వైపు తిరిగి పడుకుండిపోద్ది.”

ఆ మాట దుర్గ చెవిన పడింది. వచ్చి మంచం మీద కూర్చుని పిల్లని ఒళ్లోకి తీసుకుంది.

“ఏడువమ్మా.”

“నువ్వు ఇటే చూస్తావా?”

“చూస్తాను.”

పిల్ల నమ్మనట్టు తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత కింది పెదవి వణికింది. ఏడుపు వార్డంతా వినపడింది.

దుర్గకి కన్నీళ్లు రాలేదు. ముఖం మాత్రం తిప్పుకోలేదు.